వందకి అరవై ఒకటి

తీర్మానం నెంబరు పదిహేడు నా చేతిరాతే.
చింతలగరువు పంచాయతీ, జూన్ రెండో వారం.
కాలవకి నీళ్ళొదిలి మూడు రోజులు,
లస్కరు ఇంకా మా తూము పలక ఎత్తలేదు.

"మొలక చూడనిదే ఊళ్ళో విత్తనం సంచి అమ్మరాదు."
అంతే, ఒక్క వాక్యం.
పెట్టింది సర్పంచ్ గెడ్డం సుజ్ఞానమ్మ గారు,
బలపరిచింది మూడో వార్డు.
వద్దన్నవాళ్ళు లేరు, టీ తాగనివాళ్ళూ లేరు.

ఆ వాక్యం వెనకాల నిరుటి సార్వా ఉంది.
పెచ్చెట్టి గనిరాజు కౌలు చేలో
ఒకే మడికి రెండు ఈడులు.
సగం పాలు పోసుకుంటుంటే
సగం ఇంకా పొట్ట మీదే ఉంది.
కోత మిషను కుర్రాడు గట్టు మీద నిలబడి
"ఏ సగం కొయ్యమంటావ్?" అన్నాడు.
నష్టపరిహారం కాగితం పాసుపుస్తకం అడిగింది,
అది కాకినాడలో కామందు బీరువాలో ఉంది.
విత్తనం బిల్లు అడిగింది,
అది సిగరెట్టు పెట్టె అట్ట మీద ఉంది.

అందుకని తడి గోనెపట్టా.
వంద గింజలు, పదేసి చొప్పున పది వరసలు,
ఆఫీసు కిటికీ కింద.
ఇంటిపన్ను రసీదులు రాసే చేత్తోనే
రెండు పూటలా నీళ్ళు చిలకరించాను.
ఎనిమిదో రోజు విప్పాను.
సంచి మీద ఎనభై అని అచ్చేసుంది.
గోనె మీద అరవై ఒకటి.
కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టాను.
అరవై ఒకటే.

మర్నాడే పైనుంచి ఉత్తరం.
"విత్తనముల నియంత్రణ గ్రామ పంచాయతీ పరిధిలోనిది కాదు.
సదరు తీర్మానము చెల్లనేరదు."
కింద సంతకం, దాని కింద
మా పరిధి ఏదో మేం మర్చిపోకుండా ఒక జాబితా:
వీధి దీపాలు, మురుగు కాలవలు, కొళాయిలు,
బందెల దొడ్డి.

"ఆయ్, అయితే చేలో గొడ్డు పడితే నాది,
చేలో గింజ చచ్చిపోతే నాది కాదన్నమాట"
అన్నారు సుజ్ఞానమ్మ గారు.

నేను ఉద్యోగిని, ఏమీ అనలేదు.
పైవాళ్ళ మాటలోనూ కొంత ఉందని నాకు తెలుసు.
కాలవకి అవతలి ఊరు మమ్మల్ని చూసి
తానూ ఒక తీర్మానం రాసుకుంది,
ప్రెసిడెంటు గారి బావమరిది కొట్లో తప్ప
ఇంకెక్కడా విత్తనం కొనరాదని.
ఊరికో చట్టమైతే
మంచి గింజ కూడా ఏ వంతెన దగ్గరో ఆగిపోతుంది.
ఒప్పుకుంటాను.
కానీ నిరుడు మేం పంపిన నమూనాకి
ల్యాబు నుంచి జవాబొచ్చేసరికి
ఊరంతా దాళ్వా నాట్లలో ఉంది.
గింజకి అంత ఓపిక ఉండదు.
తడిపితే చాలు, వారం తిరక్కుండా
చెప్పాల్సింది చెప్పేస్తుంది.

ఎర్ర సిరాతో "రద్దు" అని రాశాను.
నా అక్షరాల మీద నా అక్షరాలే.

సాయంత్రం గనిరాజు వచ్చాడు,
చంకలో మడిచిన ఖాళీ సంచి.
"ఎన్ని మొలిచాయండి?"
చెప్పే అధికారం నాకు లేదన్నాను.
బయట స్తంభం మీద దీపం వేశాను,
వీధి దీపాలు మా పరిధే కదా.
గోనె మడత విప్పి ఆ వెలుతుర్లో గడప మీద పరిచి
రసీదు పుస్తకంతో లోపలికి పోయాను.

వేలు తాకీ తాకకుండా లెక్కపెడుతున్నాడు,
పెదాలు కదులుతున్నాయి.
అరవై దగ్గర ఆగి,
ఒక గింజ మీదకి బాగా వంగి,
పొట్టు చీలి తెల్లగా కనిపించే ఆ చుక్కని చూపించి
"ఇది బతికినట్టా, కాదా?" అన్నాడు.

నేను అరవై ఒకటి అనుకున్నప్పుడు
దాన్ని కలిపానో లేదో
ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.